భీమిలిలో ఒక రాత్రి ఉన్నాం

వైజాగ్ వచ్చినవాళ్లు బీచ్ రోడ్డులో ఋషికొండ, ఎర్రమట్టి దిబ్బలు చూసుకుని సాయంత్రానికి భీమిలి చేరతారు. లైట్‌హౌస్ దగ్గర ఫోటో దిగి వెనక్కి తిరిగేస్తారు. మేమూ రెండుసార్లు అంతే చేశాం. ఈ జనవరిలో మాత్రం రాత్రికి ఆగిపోయాం.

గది దగ్గర కాస్త రాజీ పడాలి. మాకు దొరికిన లాడ్జీలో కిటికీ తీస్తే సముద్రమే గానీ గీజర్ పనిచేయలేదు. అడిగితే బకెట్టుతో వేడినీళ్లు తెచ్చారు. సదుపాయాలు కావాలంటే ఋషికొండ నయం. రిసార్టులున్నాయి, బీచ్ శుభ్రంగా ఉంటుంది, 2020లో శుభ్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు కూడా వచ్చింది. కానీ అక్కడ పడుకుంటే ఇక్కడి తెల్లవారుజాము పోతుంది.

మేం ఒడ్డుకి వెళ్లేసరికి అలివి వల లాగుతున్నారు. రెండు తాళ్లు, రెండు వరసల మనుషులు, మధ్యలో ఎక్కడో దూరంగా వల. మావాడూ వెళ్లి తాడు పట్టుకున్నాడు. ఎవరూ వద్దనలేదు, కానీ పది నిమిషాలకే వాడి అరచేతులు ఎర్రబడ్డాయి. గంటసేపు లాగితే పడ్డవి కవళ్లు, నెత్తళ్లు, కొన్ని కానాగంతలు. ఆడవాళ్లు గంపలతో అక్కడే బేరం మొదలెట్టారు. మావాడు మోకాళ్ల లోతుకి దిగబోతే ఒకామె కేకేసింది: "దిగకు బాబూ, పైకి నెమ్మదిగున్నట్టే ఉంటాది, లోపలికి లాగేస్తాది!" ఆ మాట మాకే కాదు, వెళ్లేవాళ్లందరికీ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం, ఆ రోజుల్లో తీరంలో ఇంత సందడి ఉండదు.

డచ్చివాళ్ల సమాధులకి అరగంట చాలు. పావురాళ్లకొండ మాత్రం వదలొద్దు. రాతిలో తొలిచిన బౌద్ధుల నీటి తొట్లు చూసి, వెనక్కి తిరిగితే గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు కనిపిస్తుంది. నీడ తక్కువ, నీళ్లు పట్టుకుని తొమ్మిదిలోపే ఎక్కండి. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు ఇంత చిన్నదా అనిపిస్తుంది పైనుంచి చూస్తే.

తిరుగు ప్రయాణం బస్సులోనే. ఎండు నెత్తళ్లని మూడు కవర్లలో చుట్టినా వాసన ఆగలేదు. కండక్టరు మా సంచీ వైపు చూసి, ఎక్కడెక్కారని కూడా అడక్కుండా భీమిలి టిక్కెట్టు కొట్టేశాడు.