కీమో మధ్యలో జ్వరం: దగ్గరి ఆసుపత్రా, దూరపు క్యాన్సర్ ఆసుపత్రా?

కీమో చేయించుకుంటున్న మనిషికి అర్ధరాత్రి జ్వరం వస్తే ఇంట్లోవాళ్ల ముందు మూడు దారులుంటాయి. ఒక డోలో వేసి తెల్లవారేదాకా చూడటం ఒకటి, దగ్గరి పట్టణంలోని ఆసుపత్రికి తీసుకెళ్లడం రెండోది, కీమో ఇస్తున్న పెద్దాసుపత్రికే, అది ఎంత దూరమైనా, నేరుగా బయలుదేరడం మూడోది. మా అమ్మకు రొమ్ము క్యాన్సర్‌కు కీమో జరిగిన నెలల్లో ఇలాంటి రాత్రులు రెండు వచ్చాయి. మేముండేది సూర్యాపేట దగ్గర, చికిత్స హైదరాబాదులో, మధ్య దూరం దాదాపు 135 కిలోమీటర్లు. మొదటి రాత్రి మూడో దారి పట్టాం, రెండోసారి రెండో దారి పట్టాం. అందుకే ఈ రెండింటినీ పోల్చి చెప్పగలుగుతున్నాను.

తెల్లవారేదాకా చూడటమన్న మొదటి దారిని పోలికలోకి తేవడమే అనవసరం, కానీ ఎక్కువ మంది పట్టేది అదే కాబట్టి ఎందుకు తగదో చెప్పాలి. కీమో మందు క్యాన్సర్ కణాలతో పాటు ఎముక మజ్జలో వేగంగా పుట్టే రక్తకణాలనూ దెబ్బతీస్తుంది కనుక, చాలా రకాల కీమోల్లో మందు ఎక్కించిన 7వ రోజుకూ 14వ రోజుకూ మధ్య తెల్లకణాలు బాగా తగ్గిపోతాయి. వాటిలో బాక్టీరియాను ముందుగా ఎదుర్కొనేవి న్యూట్రోఫిల్స్. మైక్రోలీటరు రక్తంలో ఇవి 500 కంటే తగ్గినప్పుడు వచ్చే జ్వరాన్ని డాక్టర్లు ఫెబ్రైల్ న్యూట్రోపీనియా అంటారు, దాన్ని అత్యవసర పరిస్థితిగానే చూస్తారు. చీము కట్టేది కూడా ఈ కణాలతోనే కాబట్టి, అవి లేనప్పుడు పుండు దగ్గర వాపు, ఎరుపు సరిగా కనిపించకపోవచ్చు, ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ ఉన్నా ఎక్స్‌రే శుభ్రంగానే రావచ్చు. జ్వరమొక్కటే ఆనవాలుగా మిగిలిన చోట డాక్టరుకు చెప్పకుండా డోలో వేస్తే ఆ ఒక్క ఆనవాలునూ మనమే చెరిపేసినట్టవుతుంది. థర్మామీటరు 100.4 డిగ్రీలు చూపగానే ఫోన్ చేయమని చాలా ఆసుపత్రులు చెప్పేది ఇందుకే. జ్వరం లేకపోయినా వణుకు పుట్టినా, మగతగా ఉన్నా అదే హెచ్చరికగా తీసుకోవాలి.

ఇంటి దగ్గరి ఆర్ఎంపీని పిలిపించి తుంటికి ఇంజెక్షన్ వేయించడం కూడా ఈ మొదటి దారిలోకే వస్తుంది. కీమోలో రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు కూడా తగ్గి ఉండవచ్చు కాబట్టి కండకు సూది పొడిస్తే లోపల రక్తం గూడుకట్టే ప్రమాదం ఉంటుంది.

ఇక అసలు పోలిక. మొదటిసారి, రెండో సైకిల్ (కీమో విడత) పదో రోజున, రాత్రి 11:40కి అమ్మకు 101.2 ఉంది. పెద్దాసుపత్రివాళ్లకే కేసు తెలుసు, ఇక్కడివాళ్లు చెడగొడతారు అన్న నాన్న మాటతో కారు మాట్లాడుకుని బయలుదేరేసరికి 12:20 అయింది. దారిలో రెండుసార్లు వాంతి అయింది. క్యాజువాలిటీ చేరేసరికి 3:15, బెడ్ దొరికి, నరం దొరికి, రక్తం తీసి మొదటి యాంటీబయాటిక్ ఎక్కించేసరికి 4:10 అయింది. జ్వరం చూసినప్పటి నుంచి మందు ఒంట్లోకి వెళ్లేదాకా నాలుగున్నర గంటలు పట్టిందన్నమాట. ఇలాంటి రోగికి ఆసుపత్రి చేరిన గంటలోపు మొదటి డోసు పడాలని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. పెద్దాసుపత్రి తన గంటను సరిగానే వాడింది, దారిలో పోయిన మూడు గంటలు మాత్రం మా ఎంపిక వల్ల పోయినవి. మర్నాడు సీబీపీ (రక్తకణాల లెక్క) రిపోర్టులో మొత్తం తెల్లకణాలు 900, న్యూట్రోఫిల్స్ 12 శాతం అని ఉంది. 900లో 12 శాతమంటే 108. ఈ లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. రిపోర్టులో శాతాన్ని మాత్రమే చూసి ఊరుకోకుండా, మొత్తం కణాల సంఖ్యతో గుణించి చూడాలి.

డిశ్చార్జ్ అయ్యాక అక్కడి డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి, మీ ఊరికి గంటలోపు దూరంలో రాత్రిపూట ఎవరున్నారో ఇప్పుడే చూసుకోండని చెప్పారు. అప్పుడు పట్టణంలోని ఆసుపత్రులకు జ్వరం లేని రోజున వెళ్లి మూడే ప్రశ్నలడిగాను: రాత్రి డ్యూటీ డాక్టరు ఉంటారా, అప్పటికప్పుడు సీబీపీ చేస్తారా, రక్తంలో ఏ క్రిమి ఉందో పెంచి చూసే బ్లడ్ కల్చర్ సీసాలూ, పిపెరాసిలిన్-టాజోబాక్టమ్ వంటి యాంటీబయాటిక్ మందూ దగ్గరుంటాయా. ఒక చోట క్యాన్సర్ కేసులు చూడమని తలుపు దగ్గరే చెప్పేశారు. ఆ మాట అర్ధరాత్రి కాకుండా పగలే వినడం మంచిదైంది. ఇంకో చోట పెద్ద డాక్టరు అమ్మ డిశ్చార్జ్ సమ్మరీ జెరాక్స్ తీసుకుని ఫైల్లో పెట్టుకున్నారు.

నాలుగో సైకిల్‌లో జ్వరం రాత్రి 9:50కి వచ్చింది. 10:15కి ఆ ఫైలు పెట్టుకున్న ఆసుపత్రిలో ఉన్నాం. హైదరాబాదు డాక్టరుతో ఫోనులో మాట్లాడి, రెండు చేతుల నుంచీ కల్చర్‌కు రక్తం తీసి, 10:40కి మందు మొదలుపెట్టారు. కల్చర్‌కు రక్తం ముందు తీయాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, మందు పడ్డాక తీస్తే క్రిమి దొరికే అవకాశం తగ్గుతుంది, అలాగని సీసాల కోసం వెతుకుతూ మందును ఆలస్యం చేయడమూ తప్పే. దగ్గరి ఆసుపత్రిలో లోటు లేదని కాదు. అలవాటు కొద్దీ సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఒక్కటే ఎక్కించి ఊరుకునే చోట్లున్నాయి, అది సూడోమోనాస్ అనే బాక్టీరియాపై సరిగా పనిచేయదు. ప్లేట్‌లెట్లు, ఐసీయూ, ఇన్ఫెక్షన్‌కు మందు ఎంచగల నిపుణులు అక్కడ ఉండరు. అందుకే మొదటి డోసు పడి, బీపీ నిలకడగా ఉందని చూశాక మర్నాడు అంబులెన్సులో హైదరాబాదు తరలించాం. మూడో రోజున కల్చర్‌లో ఈ.కోలై అనే బాక్టీరియా పెరిగిందనీ, ఇస్తున్న మందుకు అది లొంగదనీ తేలడంతో మెరోపెనెమ్ అనే మరో యాంటీబయాటిక్‌కు మార్చారు. మన దేశంలో ఇలాంటి మొండి క్రిములు తక్కువేమీ కాదు, ఆ మార్పు సకాలంలో చేయడం పెద్దాసుపత్రి వల్లే అయింది.

కాబట్టి నా తీర్పు ఇది: మొదటి గంటకు దగ్గరి ఆసుపత్రి మేలు, ఆ తర్వాతి రోజులకు క్యాన్సర్ ఆసుపత్రి మేలు. పెద్దాసుపత్రి గంటలోపు దూరంలో ఉంటే నేరుగా అక్కడికే వెళ్లాలి. ఆయాసం, మగత, చేతులు చల్లబడటం ఉంటే మాత్రం దగ్గరలో ఏది ఉంటే అందులోకే. దగ్గరలో ఆ మూడు ప్రశ్నలకు అవుననే ఆసుపత్రి ఒక్కటీ లేనివాళ్లు ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా నగరంలోనే గది తీసుకోవడం, అద్దె భారమైనా, మంచిది. రక్త క్యాన్సర్‌లో కణాలు వారాల తరబడి తక్కువగా ఉంటాయి కనుక వాళ్లు నగరంలోనే ఉండాలి, ఇక వేరే ఆలోచనే అక్కర్లేదు. ఆరోగ్యశ్రీ కింద చికిత్స పొందుతున్నవారు వేరే చోట అత్యవసరంగా చేరితే ఖర్చు సంగతేమిటో ఆరోగ్యమిత్రను ముందే అడిగి ఉంచుకోవాలి.

చేరకుండా మాత్రలతో ఇంట్లోనే గడిచిపోదా అని అడిగేవారున్నారు. ప్రమాదం తక్కువని తేలిన కొందరికి సిప్రోఫ్లోక్సాసిన్, అమాక్సిసిలిన్-క్లావులనేట్ మాత్రలిచ్చి పంపడం నిజమే. అయితే అది డాక్టరు చూసి, రక్తపరీక్ష చేసి, వెంటనే తిరిగి రాగల దూరంలో ఉన్నారని నమ్మాక తీసుకునే నిర్ణయమే తప్ప పాత చీటీ చూసి మందుల షాపులో కొనుక్కునేది కాదు.

ఇంకొక్క మాట. అమ్మకు జ్వరం వచ్చిందనగానే పరామర్శకు వచ్చిన మేనత్త అంటించిందని ఇంట్లో గొడవైంది. చేతులు కడుక్కోవడం, జలుబున్నవాళ్లు దూరంగా ఉండటం అవసరమే, కానీ ఈ ఇన్ఫెక్షన్లలో చాలా భాగం కీమో వల్ల పేగు పొర దెబ్బతిన్నప్పుడు రోగి పేగుల్లోని క్రిములే రక్తంలోకి చేరడం వల్ల వస్తాయి. ఆ ఈ.కోలై మేనత్త తెచ్చింది కాదని డాక్టరే చెప్పాక గానీ నాన్న ఆమెకు ఫోన్ చేయలేదు.

ఐదు, ఆరు సైకిళ్లకు కీమో ఎక్కించిన మర్నాడు తెల్లకణాలు పెరిగే ఇంజెక్షన్ వేశారు. దాన్ని ఐస్ ప్యాకుల మధ్య పెట్టుకుని ఊరికి తెచ్చుకునేవాళ్లం. డాక్టర్ల నంబర్లు, మందు పేరు, కీమో తేదీ రాసిన కాగితం ఫైల్లో అన్నిటికన్నా పైన ఉండేది. ఆ రెండుసార్లూ దాన్ని బయటికి తీయాల్సిన పని పడలేదు.