అడవినాభి కోసం రామప్ప దాకా

పాలంపేటలో రామప్ప చెరువు కట్ట దిగువన, తుమ్మకంప మధ్యలో కనబడింది అడవినాభి తీగ. ఆగస్టు ఆఖరి వారం, ముందురోజు రాత్రి గట్టి వాన. పువ్వు కిందికి వేలాడుతుంటే, ఆరు రేకులూ వెనక్కి మడుచుకుని పొయ్యిలో మంటలా పైకి లేచాయి. రేకుల మొదళ్లలో పసుపు, కొనల్లో ఎరుపు, అంచులు అలలు అలలు. పక్కన అప్పుడే విప్పుకున్నది ఇంకా పచ్చగానే ఉంది, ముదిరినది పూర్తిగా ఎర్రబడింది. మా ఆవిడ ఆకులు చూడమంది. ఆకు కొస సన్నటి తీగలా సాగి కంపను గట్టిగా చుట్టేసుకుంది. ఈ మొక్క పైకి పాకేది ఆ కొసలతోనే.

మేకలు కాస్తున్న పెద్దాయన "ముట్టకు బిడ్డా, గడ్డంత విషమే" అన్నాడు. నిజమే. మొక్కంతా విషమే, గడ్డ మరీనూ. అందులోని కోల్చిసిన్ అనే విషపదార్థాన్నే గౌట్ అనే కీళ్ల జబ్బు నొప్పులకు డాక్టర్లు కొద్ది మోతాదులో రాస్తారు. గడ్డ నాగలిలా వంగి ఉంటుందని సంస్కృతంలో లాంగలి అన్నారు. వానలు వెనకబడ్డాక తీగ ఎండిపోతుంది, గడ్డ మట్టిలోనే ఉండి మళ్లీ తొలకరికి మొలకేస్తుంది. కాబట్టి ఎండాకాలంలో వెళ్తే ఏమీ కనబడదు.

రామప్ప గుడి సంగతి అందరికీ తెలిసిందే: 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. పొద్దున్నే వెళ్తే జనం ఉండరు, ప్రశాంతంగా చూడొచ్చు.

బస మాత్రం బెడిసికొట్టింది. లక్నవరం చెరువు దగ్గర్లో ఆన్‌లైన్‌లో బుక్ చేసిన కాటేజీలో గీజర్ పనిచేయలేదు. రాత్రి ఎనిమిదిన్నరకే వంటిల్లు మూసేశారు, బిస్కెట్లతో పడుకున్నాం. ఆదివారం వేలాడే వంతెన మీద సెల్ఫీల తోపులాట వేరే. ఈసారైతే హనుమకొండలోనే దిగి, తెల్లారే బస్సెక్కి ములుగులో ఆటో మాట్లాడుకుంటా. రానూపోనూ ముందే బేరమాడాలి, తిరుగు ఆటో దొరక్క మాకు గంట పట్టింది.

వచ్చేదారిలో ఒక నర్సరీలో ఇదే మొక్క కుండీలో కనబడింది. మా ఆవిడ అడగబోయింది. ఇంట్లో మూడేళ్ల మనవరాలు ఏది దొరికినా నోట్లో పెట్టుకుంటోంది. బంతి నారు కొనుక్కుని వచ్చేశాం.