ఉపమ, రూపకం, ఉత్ప్రేక్ష: ఎప్పుడు ఏది మేలు?

ఈ మూడు అలంకారాలకూ ఉదాహరణగా చీకటినే తీసుకుందాం. 'చీకటి కాటుకలా నల్లగా ఉంది' అంటే ఉపమ. ఉపమేయం చీకటి, ఉపమానం కాటుక, సమానధర్మం నలుపు, ఉపమావాచకం 'లా'. నాలుగూ ఉంటే పూర్ణోపమ, ఒక్కటి తగ్గినా లుప్తోపమ. వ్యాకరణం పాఠం ఇక్కడితో ముగుస్తుంది గానీ, రాసేవాళ్లకు అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. 'నీ మనసు సముద్రంలాంటిది' అన్నామనుకోండి. లోతా? అలజడా? అంతులేనితనమా? సమానధర్మం చెప్పకపోతే చదివేవాళ్లు తమకు తోచింది తీసుకుంటారు. కవితలో అది అందమే. సైన్సు పాఠంలో మాత్రం గందరగోళం. అందుకే ఏదైనా వివరించి చెప్పాల్సి వస్తే నా ఓటు పూర్ణోపమకే.

రూపకంలో 'లా' పోతుంది: 'చీకటి కాటుక ఊరంతా పరుచుకుంది'. భేదం మరుగుపడిన ఉపమే రూపకమని సంస్కృత అలంకారశాస్త్రకారుడు దండి నిర్వచనం. మాట బిగుస్తుంది, బలం పెరుగుతుంది. అయితే చీకటిని కాటుక అనేశాక, తర్వాత వచ్చే క్రియ కాటుకకూ నప్పాలి. కాటుక పరుచుకోవచ్చు, చెరిగిపోవచ్చు. 'చీకటి కాటుక విరిగిపడింది' అంటే కట్టిన బొమ్మ అక్కడే చెదిరిపోతుంది. ఆ పోలికను చివరిదాకా నిలబెట్టలేమనిపిస్తే ఉపమతో ఆగడమే మంచిది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఉత్ప్రేక్ష. చాలామంది ఉపమ అని పొరబడేదీ దీన్నే. 'చీకటి ఒళ్లంతా పూస్తున్నట్టుంది, ఆకాశం కాటుక కురుస్తున్నట్టుంది' అనే అర్థం వచ్చే సంస్కృత శ్లోకం ఒకటుంది. దాని మీద దండి పెద్ద చర్చే చేశాడు. శ్లోకంలో 'ఇవ' (మన 'లా', 'అట్టు' లాంటిది) అనే మాట ఉంది కాబట్టి ఇది ఉపమే అనేవాళ్లకు ఆయన జవాబు: 'పూస్తోంది' క్రియాపదం, క్రియాపదం ఉపమానం కాలేదు. ఇక్కడ ఉన్నది పోలిక కాదు, ఊహ. తెలుగులోనూ అంతే. 'అన్నట్టు' కనబడగానే ఉపమ అని రాసేయకుండా, పోల్చిన రెండో వస్తువు ఉందా లేదా అని చూస్తే పరీక్షలో టెన్షన్ ఉండదు. కదలని దృశ్యానికి కదలిక తేవాలంటే ఉత్ప్రేక్షను మించింది లేదు.

అతిశయోక్తి సంగతి వేరు. 'ఆ అరుపుకి ఆకాశం బద్దలైంది' లాంటివి రోజూ మాట్లాడుకునేటప్పుడు ఎన్నైనా చెల్లుతాయి. రాసేటప్పుడు మాత్రం వెంటవెంటనే రెండు వాడితే మొదటిదాన్నీ ఎవరూ నమ్మరు.