పెద్దాసుపత్రికా, కార్డు ఆసుపత్రికా?

శ్రీకాకుళం జిల్లాలో నా క్లినిక్‌కి వచ్చేవాళ్లలో రోజుకి ఇద్దరైనా అడుగుతారు: "డాక్టరు బాబూ, కేజీహెచ్‌కి రాసేస్తారా, కార్డు మీద ప్రైవేటుకి పొమ్మంటారా?" కేజీహెచ్ అంటే విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి, మెడికల్ కాలేజీతో కలిసి నడిచే మా సర్కారు పెద్దాసుపత్రి. కార్డంటే ఆరోగ్యశ్రీ, పేదల వైద్యానికి సర్కారు డబ్బు కట్టే పథకం. ఇప్పుడు పేరు ఎన్టీఆర్ వైద్య సేవ అయినా మా వైపు ఎవరి నోటా ఆ మాట రాదు. 2007లో ఈ పథకం మొదలైన మూడు జిల్లాల్లో మాదీ ఒకటి మరి. ఇక ఫోన్లు చేసే చుట్టాల సంగతి సరేసరి. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఒకసారి రాసి పెడుతున్నాను. నేను చదువుకున్నది సర్కారు కాలేజీలో. ఆ మమకారం ఎక్కడైనా కనిపిస్తే కొంత తగ్గించి చదువుకోండి.

ఎక్కువమంది చూసేది శుభ్రత, మంచం దొరుకుతుందా, సిస్టర్లు కసురుకుంటారా అనే. అవి చిన్న విషయాలని అనను. కానీ చీటీ రాసేముందు నేను చూసుకునేది ఒక్కటే. ఈ మనిషి జబ్బుకి పేరు తేలిందా, లేదా?

తేలితే కార్డు ఆసుపత్రికి మించింది లేదు. పిత్తాశయంలో రాళ్లు, స్టెంట్ వేయాల్సిన గుండె, విరిగిన తుంటి. వీటికి ప్యాకేజీ ఉంది, అంటే ఫలానా చికిత్సకి ఇంత అని పథకం ముందే కట్టిన రేటు. ఆసుపత్రిలో పథకం తరఫున కూర్చునే ఆరోగ్యమిత్ర పేరు నమోదు చేస్తాడు, కాగితాలు అప్‌లోడ్ అవుతాయి, అప్రూవల్ వస్తుంది, ఆపరేషన్ అవుతుంది. నా తప్పొకటి చెబుతాను. తుంటి విరిగిన ఒక ముసలమ్మని, నా పాత అలవాటు కొద్దీ, ఒక బోధనాసుపత్రికి పంపాను. థియేటర్ ఖాళీ లేక, ఒకరోజు మత్తు డాక్టరు లేక పదకొండు రోజులు మంచం మీదే ఉంది. ఆపరేషన్ అయ్యేసరికి నడుము కింద పుండు పడింది. కొడుకు నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధేసింది. అప్పట్నుంచి తుంటి కేసుని పెద్దాసుపత్రికి రాయడం మానేశాను.

పేరు తేలకపోతే కథ తిరగబడుతుంది. ప్యాకేజీల పద్ధతిలో డబ్బు వచ్చేది ఫలానా జబ్బుకి ఫలానా చికిత్స అని చూపిస్తేనే. పన్నెండు రోజులుగా జ్వరం, ఎందుకో తెలియదు అంటే ఏ గడిలో వేయాలి? అందుకే ఇలాంటివాళ్లు ప్రైవేటులో సొంత డబ్బుతో పరీక్షల మీద పరీక్షలు చేయించుకుని ఫైలు మందంగా చేసుకుని తిరిగొస్తారు. ఆ డాక్టర్లకి తెలివి లేక కాదు, వాళ్లలో సగం మంది నాతోపాటు చదువుకున్నవాళ్లే. అయితే అక్కడ గంటసేపు కూర్చుని ఆలోచించినందుకు ఎవరూ బిల్లు కట్టరు.

మొన్న వానల్లో అలాగే ఒక జీడితోట కూలీ వచ్చాడు, పాతికేళ్ల కుర్రాడు. టైఫాయిడ్, మలేరియా, డెంగీ అన్నీ నెగటివ్. ప్లేట్‌లెట్లు తగ్గాయి, ఊపిరి ఎగపోస్తున్నాడు. రెండు ఆసుపత్రులు తిరిగి నలభై వేలు పోశాడు. విశాఖ పంపాను. అక్కడ అడ్మిట్ చేసిన హౌస్ సర్జన్ (ఎంబీబీఎస్ చివర ట్రైనింగ్‌లో ఉన్న డాక్టరు) అమ్మాయి కేస్ షీట్ నింపడానికి తల నుంచి కాళ్ల దాకా చూసింది. లుంగీ కొంచెం దించమంటే కుర్రాడు సిగ్గుపడ్డాడట. గజ్జల్లో సిగరెట్‌తో కాల్చినట్టు గుండ్రంగా నల్లటి పక్కు. నొప్పి లేదు, దురద లేదు, అందుకే వాడెవరికీ చెప్పలేదు. నేనూ చూడలేదు! స్క్రబ్ టైఫస్. పొదల్లో ఉండే పురుగు కుట్టిన చోటు అది. డాక్సీసైక్లిన్ మొదలుపెట్టిన మూడో రోజుకి జ్వరం దిగింది. ఆ మందు ఖరీదు మీరు తాగే టీలకయ్యేంత.

ఆ అమ్మాయి మాకంటే గొప్ప డాక్టరని కాదు. పూర్తిగా చూడకపోతే పొద్దున రౌండ్స్‌లో పీజీ, అంటే స్పెషలిస్టు చదువులో ఉన్న డాక్టరు, తిడతాడు, పీజీ చెప్పలేకపోతే ప్రొఫెసర్ అందరి ముందూ నిలబెడతాడు. ఆ భయమే రోగికి రక్ష. పైగా పేరు తేలని రోగి వేరేచోట తలనొప్పి, అక్కడ మాత్రం "మంచి కేసు". పదిమంది విద్యార్థులు వరసగా వచ్చి గుండె మీద స్టెత్ పెడితే విసుగే, ఆడవాళ్లకి మరీ ఇబ్బంది. వద్దనే హక్కు మీకుందని చాలామందికి తెలియదు, వద్దనండి. కానీ ఆ పదిమందిలో ఒకరు అడిగే తెలివితక్కువ ప్రశ్నే ఒక్కోసారి పట్టిస్తుంది.

రాత్రి రెండు గంటలప్పుడు కూడా ఈ తేడా తెలుస్తుంది. పురుగుమందు తాగిన మనిషికి విరుగుడుగా అట్రోపిన్ ఎక్కిస్తూ కనుపాపలు, నాడి, ఊపిరితిత్తుల చప్పుడు మళ్లీ మళ్లీ చూస్తూ మోతాదు మార్చాలి. అది మెషీన్ చేసే పని కాదు, నిద్ర మాని పక్కన కూర్చునే పీజీ ఉండాలి. వాళ్లు సమ్మెలో ఉంటే మాత్రం నేను చెప్పినదంతా మరిచిపోండి. సర్కారు నుంచి బకాయిలు రాలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు (పథకంలో చేరిన ప్రైవేటువి) కార్డు సేవలు ఆపిన రోజులూ ఉన్నాయి, కాబట్టి లెక్క సరి.

ఉద్దానం సంగతి మా జిల్లావాడిగా చెప్పకుండా ఉండలేను. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ తేలలేదు. డయాలసిస్‌కి పథకం డబ్బు కడుతుంది, సెంటర్లు వచ్చాయి, 2023లో పలాసలో 200 పడకల ఆసుపత్రి కూడా తెరిచారు. కానీ ఎందుకొస్తోందని ఊరూరా తిరిగి రక్తం, నీళ్లు పట్టుకెళ్లినవాళ్లలో విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీ నెఫ్రాలజీ (కిడ్నీ విభాగం) వాళ్లున్నారు. ఆ ప్రశ్నకి ప్యాకేజీ లేదు. కేజీహెచ్, ఆ కాలేజీ 1923 నుంచీ జంటగా నడుస్తున్నాయి. రోగిని చూడటం, పాఠం చెప్పడం, కారణం వెతకడం అక్కడ ఒకే మంచం దగ్గర జరగాలి. జరగని రోజులు బోలెడు, అది వేరే సంగతి.

మిగతావి త్వరగా. ప్రైవేటు మెడికల్ కాలేజీ ఆసుపత్రులు: మంచం దొరుకుతుంది, హెర్నియా, హైడ్రోసిల్‌కి పనికొస్తాయి. ఏరియా ఆసుపత్రి: కాన్పులకి, పాముకాటుకి మొదటి ఇంజెక్షన్‌కి. కొత్త కాలేజీల పుణ్యమా అని "సర్వజన ఆసుపత్రి" బోర్డు తగిలించుకున్న జిల్లా ఆసుపత్రుల్లో బోర్డు కాదు, వార్డులో పీజీలు ఉన్నారా అని చూడండి. గుండెపోటయితే ఈ చర్చంతా పక్కన పెట్టి, అందుబాటులో ఉన్నదానికి పరిగెత్తండి.

పెద్దాసుపత్రికే వెళ్లేటట్టయితే పాత కాగితాలన్నీ తీసుకెళ్లండి, సీటీ ఫిల్మ్ మడవకండి. ఏ యూనిట్ (ఒక ప్రొఫెసర్ కింద పనిచేసే డాక్టర్ల జట్టు) ఓపీ రోజున చేరితే చివరిదాకా ఆ యూనిట్టే చూస్తుంది, కాబట్టి వెళ్లే ముందు ఓపీ రోజు కనుక్కోండి. పొద్దున ఎనిమిదికల్లా చీటీ లైన్లో ఉండాలి. తోడుగా ఇద్దరు వెళ్లాలి, ఒకరు రోగి దగ్గర, ఒకరు స్కానింగ్, బ్లడ్ బ్యాంకుల మధ్య తిరగడానికి. సోమవారం మాత్రం వద్దు.