జాబిక్స్ ఏజెంటు: తిరుపతి, చిత్తూరు యంత్రాలపై దీర్ఘకాలం వాడిన తరువాత

దూరంగా ఉన్న సర్వర్లను కనిపెట్టుకొని ఉండడానికి జాబిక్స్ అనే సాఫ్ట్‌వేరును ఎంచుకొనేవారిలో ఎక్కువమంది దాని గ్రాఫులను, హెచ్చరికలను, ఉచితంగా దొరకడాన్ని చూసి ఎంచుకుంటారు. ప్రతి యంత్రంలోనూ రాత్రింబవళ్ళు నడుస్తూ, ఫైళ్ళు చదువుతూ, ప్రాసెస్‌ల జాబితా చూస్తూ, నెట్‌వర్క్ మీదుగా అడిగినదానికి జవాబిచ్చే ఏజెంటు మీద ఎవరి దృష్టీ ఎక్కువసేపు నిలవదు. కాసేపట్లో ఇన్‌స్టాల్ అవుతుంది, గ్రాఫు గీయడం మొదలవుతుంది, దాంతో పని పూర్తయిందనుకుంటారు. 5.0 వెర్షను కాలం నుండి 7.0 వరకు దీనిని వాడుతూ వచ్చాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఇది: ఈ ఏజెంటు ఏమేమి చేయకూడదో ముందే నిర్ణయించి, ఆ నిర్ణయాన్ని కాన్ఫిగరేషన్ ఫైలులో రాసిన చోట ఇది నిజంగా నమ్మదగిన పనిముట్టు. ఆ నిర్ణయం తీసుకోని చోట, కాపలా కోసం పెట్టిన ప్రోగ్రామే బయటివాడికి దారి కాగలదు.

నేను చూసే యంత్రాలు పెద్ద డేటా సెంటర్లలోనివి కావు. తిరుపతిలో లాడ్జీల గదుల బుకింగ్ నడిపే చిన్న సర్వర్లు, రేణిగుంట వైపు గోదాముల్లో స్టాకు లెక్కలు ఉంచే కంప్యూటర్లు, చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు పరిశ్రమల్లో వేబ్రిడ్జి (లారీలను, ట్రాక్టర్లను తూచే కాటా) పక్కన ఉండే విండోస్ యంత్రాలు. వీటిలో అధిక భాగానికి స్థిరమైన ఐపీ అడ్రసు లేదు, పూర్తికాలం పనిచేసే కంప్యూటర్ మనిషి లేడు. జాబిక్స్ సర్వరు మాత్రం ముంబైలోని ఒక క్లౌడ్ యంత్రంలో ఉంది. బ్రహ్మోత్సవాల రోజుల్లో లాడ్జీ సర్వరు ఆగినా, తోతాపురి కోతల కాలంలో ట్రాక్టర్లు వరుసగా నిలబడి ఉన్నప్పుడు కాటా కంప్యూటరు ఆగినా వెంటనే ఎవరికో ఒకరికి నష్టం మొదలవుతుంది కాబట్టి, నిఘా తప్పనిసరి. ఆ నిఘా ఎంత జాగ్రత్తగా ఉండాలన్నదే ఈ సమీక్ష విషయం.

మొదట తేల్చుకోవలసింది సంభాషణ ఎటు నుండి మొదలవుతుందన్నది. పాసివ్ పద్ధతిలో సర్వరు వచ్చి 10050 పోర్టు (ఒక ప్రోగ్రాము కనెక్షన్ల కోసం వినే, సంఖ్య గల తలుపు) మీద ఏజెంటును అడుగుతుంది. యాక్టివ్ పద్ధతిలో ఏజెంటే సర్వరు 10051 పోర్టుకు వెళ్ళి, తాను ఏయే అంశాలు కొలవాలో జాబితా తెచ్చుకొని, కొలిచిన విలువలను తానే పంపుతుంది. చాలామంది పాసివ్ పద్ధతితో మొదలుపెడతారు. ఒకే గదిలోని యంత్రాలకు అది సరిపోతుంది కూడా. రూటరు వెనుక ఉన్న యంత్రాలకు వచ్చేసరికి దానిని పని చేయించడానికి రూటరులో పోర్టు ఫార్వర్డింగ్, అంటే బయటి నుండి వచ్చే కనెక్షన్‌ను లోపలి యంత్రానికి పంపే ఏర్పాటు, పెడతారు. చిత్తూరు సమీపంలోని ఒక పరిశ్రమలో అంతకుముందు ఎవరో అమర్చి వెళ్ళిన ఏజెంటును చూశాను: రూటరు 10050 పోర్టును లోపలికి పంపుతోంది, ఏజెంటు కాన్ఫిగరేషన్‌లో ‘సర్వర్’ అనే వరుసకు ఎదురుగా 0.0.0.0/0 అని ఉంది. దానర్థం ప్రపంచంలో ఏ మూల నుండి ఎవరు అడిగినా ఆ యంత్రం తన వివరాలు చెబుతుందని. పైగా ఎన్‌క్రిప్షన్ (సమాచారాన్ని ఇతరులు చదవలేని విధంగా మార్చి పంపడం) లేదు. అదృష్టవశాత్తూ చెడు జరిగిన ఆనవాళ్ళేవీ కనబడలేదు.

అందుకే బయటి యంత్రాలన్నిటికీ నేను యాక్టివ్ పద్ధతినే ఉంచాను. పాత తరం ఏజెంటులో ‘స్టార్ట్‌ఏజెంట్స్’ విలువను 0 చేస్తే అది ఏ పోర్టునూ వినదు. బయటి నుండి తట్టడానికి తలుపే ఉండదు. గో భాషలో రాసిన రెండో తరం ఏజెంటులో ఈ వరుస లేదు కాబట్టి, అక్కడ ‘లిజన్‌ఐపీ’కి 127.0.0.1 (ఆ యంత్రం లోపలి నుండి మాత్రమే చేరగల అడ్రసు) ఇచ్చి, ఫైర్‌వాల్‌లో 10050 పోర్టును విడిగా మూసివేస్తాను. స్థిరమైన ఐపీ లేని మన బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లకు ఇదే సులువైన పద్ధతి కూడా, ఎందుకంటే బయటికి వెళ్ళే కనెక్షన్‌కు రూటరులో ఏ మార్పూ అవసరం లేదు. భద్రత, సౌకర్యం ఒకే వైపు ఉండడం అరుదు. ఇక్కడ అలా కుదిరింది.

దిశ మార్చడంతో భారం సర్వరు మీదికి వెళుతుందని మరచిపోకూడదు. ఏజెంట్ల అడ్రసులు మారుతుంటాయి కాబట్టి 10051 పోర్టును ఇంటర్నెట్టుకు తెరిచి ఉంచక తప్పదు. ఎన్‌క్రిప్షన్ లేకపోతే, ఒక యంత్రం పేరు తెలిసిన ఎవరైనా ఆ పేరుతో వచ్చి, అది కొలవవలసిన అంశాల జాబితాను అడిగి తీసుకోవచ్చు, తప్పుడు విలువలు కూడా పంపవచ్చు. డిస్కు నిండిపోతున్నా అంతా బాగానే ఉందని చెప్పించవచ్చన్నమాట. కాబట్టి యాక్టివ్ పద్ధతి, ఎన్‌క్రిప్షన్ విడదీయరానివని నా ఉద్దేశం. టీఎల్ఎస్ అనే ప్రమాణంతో నడిచే ఎన్‌క్రిప్షన్ జాబిక్స్‌లో 2016లో వచ్చిన 3.0 వెర్షను నుండి ఉంది. సర్టిఫికెట్లతో (యంత్రం గుర్తింపును నిరూపించే డిజిటల్ పత్రాలతో) గాని, ముందుగా ఇరువైపులా పంచుకున్న రహస్య కీతో గాని నడుస్తుంది. చిన్న వ్యవస్థలకు రెండోది చాలు. కీకి కనీసం 128 బిట్ల పొడవు ఉండాలి. నేను ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే పనిముట్టుతో 256 బిట్ల కీని తయారుచేసి, ఆ ఫైలును జాబిక్స్ యూజరు తప్ప మరెవరూ చదవలేని విధంగా 0400 అనుమతులతో ఉంచుతాను. అన్ని యంత్రాలకూ ఒకే కీ ఇవ్వడానికి జాబిక్స్ అభ్యంతరం చెప్పదు, కానీ ఒక గోదాములో కంప్యూటరు దొంగతనానికి గురైతే మిగతా అన్ని చోట్లా కీ మార్చవలసి వస్తుంది. యంత్రానికొక కీ ఇవ్వడమే మేలు.

ఈ భాగంలో కొన్ని సూక్ష్మాలు పైకి కనబడవు. కీతో పాటు ఇచ్చే గుర్తింపు పేరు నెట్‌వర్క్‌లో ఎన్‌క్రిప్షన్ లేకుండానే వెళుతుంది, కనుక ఆ పేరులో సంస్థ పేరో, సాఫ్ట్‌వేరు పేరో పెట్టకూడదు. కీలు సర్వరు డేటాబేసులో మామూలు అక్షరాలుగానే నిల్వ ఉంటాయి, కనుక డేటాబేసు బ్యాకప్ ఫైలు కూడా రహస్యమే. దానిని ఏ పెన్‌డ్రైవులోనో వదిలేయకూడదు. అన్నిటికంటే ముఖ్యమైనది, ఏజెంటు వైపు ఎన్‌క్రిప్షన్‌తోనే కనెక్ట్ కమ్మని చెప్పే ‘టీఎల్ఎస్‌కనెక్ట్’ వరుస పెట్టినంత మాత్రాన సరిపోదు. సర్వరు స్క్రీనులో ఆ యంత్రం నుండి వచ్చే కనెక్షన్ల దగ్గర ‘ఎన్‌క్రిప్షన్ లేదు’ అనే గడి మొదటి నుండీ టిక్ చేసి ఉంటుంది. రహస్య కీ గడిని టిక్ చేసి దీనిని తీసివేయకపోతే, మన ఏజెంటు ఎన్‌క్రిప్షన్‌తోనే వస్తుంది గాని, దాని పేరుతో వచ్చే అపరిచితుడు ఎన్‌క్రిప్షన్ లేకుండా లోపలికి రాగలడు. అంతా పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి ఈ లోపం ఎవరి కంటా పడదు. కొత్త యంత్రాలు తమంతట తామే నమోదు చేసుకొనే సౌకర్యానికీ ఇదే వర్తిస్తుంది: దానికి కీ తప్పనిసరి చేయాలి, లేదా ఆ సౌకర్యాన్నే ఆపివేయాలి.

ఇప్పటి వరకు చెప్పినవి బయటివాడిని ఆపే ఏర్పాట్లు. జాబిక్స్ సర్వరే ఇతరుల చేతిలో పడితే ఏమవుతుందన్న ప్రశ్న ఇంతకంటే పెద్దది, దానిని వేసుకొనేవారు తక్కువ. సర్వరు అడ్మిన్ పాస్‌వర్డ్ దొరికినవాడు ప్రతి ఏజెంటునూ ఏదైనా అడగగలడు. కమాండ్లు నడిపించే ‘సిస్టమ్.రన్’ అనే అంశం మొదటే నిషేధంలో ఉంటుంది, అది సరైన నిర్ణయం. కానీ ఫైలులోని విషయాన్ని యథాతథంగా పంపే ‘విఎఫ్ఎస్.ఫైల్.కంటెంట్స్’, ఫైలులో పదాలు వెతికే అంశాలు, ఆ యంత్రం నుండి లోపలి నెట్‌వర్క్‌లోని ఏ వెబ్ పేజీనైనా తెచ్చిచ్చే ‘వెబ్.పేజ్.గెట్’ తెరిచే ఉంటాయి. లాడ్జీ సాఫ్ట్‌వేరు డేటాబేసు పాస్‌వర్డ్ ఉన్న ఫైలును జాబిక్స్ యూజరు చదవగలిగితే, అది సర్వరుకు చేరగలదు. గదులు తీసుకొనే యాత్రికుల ఆధార్ ప్రతులు కూడా ఆ సర్వర్లలోనే ఉంటాయని గుర్తుంచుకుంటే, ఇది ఊహకు మాత్రమే పరిమితమైన ప్రమాదం కాదని అర్థమవుతుంది. యాక్టివ్ పద్ధతి ఇక్కడ రక్షణ ఇవ్వదు; 7.0 నుండి, అనుమతించిన చోట, యాక్టివ్ ఏజెంట్లకు కూడా సర్వరు కమాండ్లు పంపగలదు.

దీనికి మందు కాన్ఫిగరేషన్‌లో ఏ అంశాలను అనుమతించాలో చెప్పే ‘అలోకీ’, వేటిని నిషేధించాలో చెప్పే ‘డినైకీ’ అనే వరుసలు. ఈ ఏజెంటులో నాకు అన్నిటికంటే విలువైనవిగా తోచినవి ఇవే. ప్రమాదకరమైన వాటిని ఒక్కొక్కటిగా నిషేధించడం కంటే, అవసరమైన వాటిని మాత్రమే అనుమతించి చివర ‘డినైకీ’కి నక్షత్రం గుర్తు ఇచ్చి మిగతా అన్నిటినీ మూసివేయడం మంచిది. వరుసల క్రమం ముఖ్యం: పై నుండి కిందికి చూస్తూ మొదట సరిపోలిన వరుసనే ఏజెంటు పాటిస్తుంది, కాబట్టి నిషేధం ముందు రాస్తే కింది అనుమతులన్నీ వృథా. బ్రాకెట్లు ఉన్న అంశానికి, లేని అంశానికి నమూనాలు వేరువేరుగా రాయాలి. సీపీయూ భారానికి రాసిన అనుమతి బ్రాకెట్లతో ఉంటే, అదే అంశాన్ని బ్రాకెట్లు లేకుండా అడిగినప్పుడు అది వర్తించదు. నిషేధించిన అంశాన్ని సర్వరు అడిగితే, ఆ అంశానికి మద్దతు లేదని మాత్రమే జవాబు వస్తుంది. నిషేధం వల్ల అని ఎక్కడా కనబడదు. దాడి చేసేవాడికి సమాచారం ఇవ్వకపోవడం మంచిదే, కానీ కొత్త టెంప్లేటు (కొలవవలసిన అంశాల సిద్ధమైన జాబితా) తగిలించిన నిర్వాహకుడు కారణం వెతుక్కోవలసి వస్తుంది. మొదటి వారమంతా నాకు ఈ జాబితా సరిచేయడంతోనే గడిచింది, ఆ శ్రమ తరువాత మళ్ళీ చేయవలసిన అవసరం రాలేదు.

యూజరు హక్కుల విషయంలో లినక్స్ మీద ఫిర్యాదు లేదు. ఏజెంటు తన సొంత యూజరు కింద నడుస్తుంది, పాత తరం ఏజెంటును రూట్‌గా (సర్వాధికారాలున్న ఖాతాతో) మొదలుపెట్టినా, మనం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప అది ఆ యూజరుకే మారిపోతుంది. డిస్కు ఆరోగ్యం చూసే స్మార్ట్‌సీటీఎల్ వంటి వాటికి రూట్ హక్కు కావాలి. అప్పుడు ఏజెంటుకు రూట్ ఇవ్వకుండా, ఎంచిన ప్రోగ్రాములను మాత్రమే రూట్ హక్కుతో నడపనిచ్చే సుడోలో ఆ ఒక్క ప్రోగ్రాముకే అనుమతి రాయాలి. యూపీఎస్ బ్యాటరీ స్థితికి అదీ అక్కరలేదు, ఒక చిన్న యూజర్ పారామీటరు (మనమే రాసుకొనే కమాండుతో కొలిచే అంశం) చాలు. ఆ పారామీటర్లకు సర్వరు పంపే విలువల్లో కొటేషన్లు, సెమీకోలన్లు వంటి గుర్తులను ఏజెంటు మొదటే తిరస్కరిస్తుంది. ‘అన్‌సేఫ్‌యూజర్‌పారామీటర్స్’ పెట్టి ఆ అడ్డును తొలగించమని చెప్పే సలహాలను పాటించవద్దని గట్టిగా చెబుతాను. విండోస్‌లో పరిస్థితి అంత బాగా లేదు. అక్కడ ఏజెంటు లోకల్ సిస్టమ్ ఖాతాతో నడుస్తుంది, అంటే యంత్రం మీద దాదాపు సర్వాధికారాలతో. వేబ్రిడ్జి కంప్యూటర్లలో అందుకే అనుమతుల జాబితాను ఇంకా కుదించాను: సీపీయూ, మెమరీ, డిస్కు, వేబ్రిడ్జి సాఫ్ట్‌వేరు సర్వీసు నడుస్తోందా లేదా, అంతే.

యాక్టివ్ పద్ధతికి ఒక బలహీనత ఉంది. ఏజెంటు పంపడం మానేస్తే సర్వరుకు వినిపించేది నిశ్శబ్దమే, దానిని మనం అడిగితే తప్ప ఎవరూ హెచ్చరించరు. 6.2 వెర్షను నుండి ఏజెంటు 60 సెకన్లకొకసారి తాను ఉన్నానని చెప్పే ఏర్పాటు వచ్చింది; పాత వెర్షన్లలో, విలువలు రాకపోతే హెచ్చరించే ‘నోడేటా’ ట్రిగ్గరు పెట్టుకోవాలి. భద్రతకు దీనితో సంబంధం ఏమిటని అడగవచ్చు: యంత్రంలోకి చొరబడినవాడు మొదట ఆపేది నిఘానే. కరెంటు పోయిందా, లైను పోయిందా, ఎవరైనా ఆపారా అన్నది వేరుచేసి చూడడానికి యూపీఎస్ విలువలు చాలా ఉపకరించాయి. చివరగా అందిన విలువల్లో బ్యాటరీ నిండుగా ఉండి, రూటరుకు పింగ్ (చేరుతోందో లేదో చూసే చిన్న సందేశం) వెళుతూ, ఏజెంటు మాత్రమే మౌనంగా ఉంటే వెంటనే ఫోను చేయిస్తాను. లైను తరచుగా తెగే చోట రెండో తరం ఏజెంటులోని పర్సిస్టెంట్ బఫరును ఆన్ చేయాలి. ఆన్ చేస్తే మామూలుగా ఒక గంట విలువలను డిస్కు మీద దాచి, లైను వచ్చాక పంపుతుంది. ఆ వ్యవధిని పెంచుకోవచ్చు.

లాగుల (యంత్రం తన పనులను నమోదు చేసే ఫైళ్ళ) సంగతి క్లుప్తంగా. సైబర్ భద్రతను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ వ్యవస్థల లాగులను 180 రోజులు ఉంచాలి, నిర్దేశించిన సైబర్ సంఘటనలను గుర్తించిన 6 గంటల్లో తెలియజేయాలి. ఏజెంటు లాగు ఫైలుకు దాని అంతర్గత పరిమితి 1 మెగాబైటు; అది నిండితే పాత ప్రతి ఒక్కటే మిగులుతుంది. లినక్స్‌లో ఆ విలువను 0 చేసి, పాత ఫైళ్ళను మార్చే పనిని లాగ్‌రొటేట్‌కు అప్పగించవచ్చు. విండోస్ యంత్రాల్లో పరిమితి పెంచి, ఫైళ్ళను వేరే చోటికి కాపీ చేసే ఏర్పాటు చేయాలి.

నాకు మిగిలిన అసంతృప్తి కీల మార్పిడి గురించి. ఒక యంత్రానికి సర్వరులో ఒక్క రహస్య కీ మాత్రమే ఉంచగలం. పాతది, కొత్తది కొంతకాలం కలిసి చెల్లే వీలు లేదు. సర్వరులో మార్చిన క్షణం నుండి ఏజెంటులో మార్చి రీస్టార్ట్ చేసేవరకు ఆ యంత్రం చీకటిలో ఉంటుంది, రిమోట్‌గా లాగిన్ కావడం కుదరని చోట ఎవరో ఒకరు అక్కడికి వెళ్ళవలసి వస్తుంది. అంతరాయం రాకుండా ఉండాలని ఆ కాసేపు ఎన్‌క్రిప్షన్ తీసివేయడం కంటే, బఫరును నమ్మి విరామాన్ని భరించడం మేలు. యంత్రాలు పెరుగుతున్న చోట సర్టిఫికెట్లకు మారడమే సరైన దారి: సర్వరు స్క్రీనులో రహస్య కీ, సర్టిఫికెట్ గడులు రెండూ టిక్ చేసి, ఒక్కొక్క ఏజెంటులో ‘టీఎల్ఎస్‌కనెక్ట్’ను సర్టిఫికెట్‌కు మార్చి, విలువలు వస్తున్నాయని చూసుకున్నాక పాత గడిని తీసివేయవచ్చు. తిరుపతి లాడ్జీల సర్వర్లను ఈ విధంగానే ఏ విరామమూ లేకుండా మార్చగలిగాను. చిత్తూరు వైపు విండోస్ యంత్రాలను మామిడి సీజను ముగిశాక మొదలుపెడతాను.