ఫైర్‌ఫ్లై డిస్కుల సెట్: కొనే ముందు, చూసే ముందు

అంతరిక్ష నౌక డొక్కలో పశువులను ఎక్కించుకుపోయి, ఇంకో గ్రహంలో దించి బేరమాడే కౌబాయ్ సీరియల్ ఇది. 2002లో అమెరికాలో ఫాక్స్ చానల్‌లో మొదలై ఆ ఏడాదే ఆగిపోయింది. తీసినవి 14 భాగాలు, అప్పట్లో వేసినవి 11. సెట్‌లో 14 కూడా ఉన్నాయి.

అంతకన్నా ముఖ్యం వరుస. రెట్టింపు నిడివి ఉన్న తొలి కథను చానల్ పక్కనబెట్టి, రెండోదైన రైలు దోపిడీని ముందు వేసింది. తొలి కథ వచ్చింది డిసెంబర్ 20న. అంటే మంగళహారతి పాడాక గణపతి ప్రార్థన! డిస్కుల్లో ఆ తప్పు లేదు, సృష్టికర్త జాస్ వీడన్ అనుకున్న వరుసే ఉంది. దాన్ని తప్పకండి. ఎందుకంటే తొలి కథలోనే మెకానిక్ పిల్ల ఇంజిన్‌కు కొత్త కంప్రెషన్ కాయిల్ కావాలని అడుగుతుంది. కెప్టెన్ నవ్వి తోసిపుచ్చుతాడు. 8వ భాగంలో ఆ కాయిల్‌కు ఉండే కెటలైజర్ అనే సామాను పోతుంది. ఇంజిన్ ఆగుతుంది, ఊపిరికి కొన్ని గంటల గాలే మిగులుతుంది. ఆత్మకూరు దాటినాక నల్లమల ఘాట్‌లో లారీ నిలిచిపోయి, సామాను కర్నూలు నుంచి రావాల్సిందేనని తేలితే ఎట్లుంటుందో అట్లుంటుంది. కాకపోతే అక్కడ లిఫ్ట్ అడగడానికి ఇంకో బండి రాదు.

కౌబాయ్ కథకు ప్రాణం ఈ కొరతే. టోపీ, గుర్రం ఎవరైనా అద్దెకు తెస్తారు. మనకు 1971లో ‘మోసగాళ్ళకు మోసగాడు’ వచ్చింది, 1991లో ‘ఆదిత్య 369’ వచ్చింది. కౌబాయ్‌నీ సైన్సు కథనూ ఒకే పొయ్యి మీద ఉడికించిన సినిమా మాత్రం నాకు తెలిసి రాలేదు. ఇక్కడ ఆ వంట కుదిరింది. ఊళ్ళలో మామూలు తూటా తుపాకులే ఎక్కువ. 13వ భాగంలో ఓ డబ్బున్న మోతుబరి లేజర్ పిస్టల్ తీస్తాడు, సరిగ్గా అవసరమైనప్పుడు బ్యాటరీ అయిపోతుంది. శూన్యంలో పేలుడు జరిగినా చప్పుడు వినిపించదు, గిటారు మోగుతుంది. సైన్సు పరంగా అదే సరైనది.

6వ భాగంలో మాత్రం సైన్సు తడబడింది. గాలి లేకుంటే పేలదని తుపాకీకి స్పేస్‌సూట్ తొడిగి కాలుస్తారు. తూటా మందులోనే ఆక్సిజన్ ఇచ్చే రసాయనం ఉంటుంది కాబట్టి శూన్యంలోనూ పేలుతుంది. చూడటానికి బాగుంటుంది, అంతే. ఇంకో లోటు: పాత్రలు చైనా భాషలో తిట్టుకుంటాయి గానీ, ప్రధాన పాత్రలు తొమ్మిదింటిలో చైనా సంతతి నటులు ఒక్కరూ లేరు. గ్రహాలు కూడా చాలావరకు ఒకే పోలిక, దక్షిణ కాలిఫోర్నియా మట్టి. మన ఓర్వకల్లు రాళ్ళలో తీసినా ఇంతకన్నా వింతగా కనిపించేది.

కొనేటప్పుడు అట్ట వెనక రీజియన్ గుర్తు చూడండి, డిస్కు ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడుతుందో చెప్పేది అదే. డీవీడీకి భారత్ 5వ రీజియన్, అమెరికా 1. బ్లూరేకు మనది ‘సీ’, వాళ్ళది ‘ఏ’. మీ ప్లేయర్ రీజియన్ లాక్ ఉన్నదైతే అమెరికా డిస్కు తిరగదు, తెరమీద రీజియన్ తప్పు అని వచ్చి ఆగుతుంది. ప్లేయర్ అన్ని రీజియన్లూ ఆడుతుందో లేదో మాన్యువల్‌లో చూసుకున్నాకే ఆర్డర్ పెట్టండి. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ వేసుకోండి, పాతకాలపు పశ్చిమ యాస కాబట్టి మాటలు మింగేస్తారు. ఈ కథకు కొనసాగింపుగా 2005లో వచ్చిన ‘సెరెనిటీ’ సినిమా వేరే డిస్కు. 14 భాగాలూ అయ్యాకే పెట్టండి.