కోనసీమలో 132 కేవీ లైను: రోడ్డు వెంటా, చేల మీదుగానా?

గోదావరి డెల్టాలో 132 కేవీ (కిలోవోల్టుల) కరెంటు టవర్ లైనుకు దారి గీసేటప్పుడు చాలామంది ముందు పొడవు చూస్తారు. లారీ ఎక్కడిదాకా వెళ్తుందో ముందు చూడమంటాను నేను.

ఖర్చు: చేల మీదుగా తిన్నగా వెళ్తే దూరం, టవర్లు తగ్గుతాయి. రోడ్డు వెంటైతే పెద్ద మలుపు వచ్చినచోటల్లా బరువైన యాంగిల్ టవరు, పెద్ద పునాది.

చేరవేత: నా లెక్కలో తేల్చేది ఇదే. రోడ్డు పక్కనైతే ఇనుము, కంకర, సిమెంటు లారీలోంచి నేరుగా దిగుతాయి. చేలల్లో ఒండ్రు మట్టి, తడిస్తే ట్రాక్టరే కూరుకుపోతుంది. తాత్కాలిక బాట వేయాలి, పంటబోదెలు దాటేచోట తూములు పెట్టాలి, పనయ్యాక అన్నీ తీసేయాలి. కాలువల మీది పాత వంతెనలు క్రేన్ బరువు మోస్తాయో లేదో ఇంజనీరు ముందే చూడాలి. మోయలేకపోతే చుట్టూ తిరిగి రావాల్సిందే.

సమయం: చేలల్లో దాళ్వా (రబీ వరి) కోతలయ్యాక, సార్వా (ఖరీఫ్ వరి) నాట్లకు ముందు దొరికే కొద్ది వారాలే. రోడ్డు పక్కన ఆ టెన్షన్ తక్కువ.

జనం: 132 కేవీకి సుమారు 27 మీటర్ల వెడల్పు కారిడార్ (లైను కింద ఇళ్లు, పెద్ద చెట్లు లేకుండా ఉంచే పట్టీ) కావాలి. రోడ్ల వెంట ఇళ్లు, కొబ్బరిచెట్లు అడ్డం. చేలల్లో బాట కింద అణిగిన నేల తర్వాతి పంటనూ దెబ్బతీయొచ్చు. రైతుతో దానికీ పరిహారం ముందే మాట్లాడాలి.

మరమ్మతు: 1996 నవంబరు తుఫాను చూసిన ప్రాంతమిది. నీళ్లు నిలిచిన చేలో టవరు దగ్గరికి చేరడం చాలా కష్టం.

ఊళ్లు దగ్గరదగ్గరగా ఉండి, వేసవిలోనే పునాదులు పూర్తిచేసే మనుషులు, యంత్రాలు ఉంటే చేల దారి. ఇళ్లు పలచగా, చెరువులు ఎక్కువగా ఉన్న తీరం వైపు రోడ్డు వెంటే.